నూట తొంభై మస్టర్లు

మా ఇంటి నడిమింట్లో, గడియారం కింద ఒక మేకుకు పొడవాటి నోటుపుస్తకం వేలాడుతూ ఉంటుంది. చూసినవారు పాలలెక్కల పుస్తకమో, చిట్టీల పుస్తకమో అనుకుంటారు. అట్ట మీద మా బాపు వంకర అక్షరాలతో 'మస్టర్ బుక్కు' అని రాసి ఉన్నది. దాని కథ చెప్పుకోవాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. అది కొంత నా జబ్బు కథ, కొంత బాపు కథ. ఎక్కడ ఒకటి ముగిసి రెండవది మొదలవుతుందో నాకే సరిగ్గా తెలియదు.

మాది మంచిర్యాల. ఈ ప్రాంతంలో మస్టరు అంటే ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి వైపు బొగ్గుబాయి పనికి పోయే ప్రతి ఇంట్లోనూ ఆ మాట ఉప్పు, చింతపండు వంటి మాట. బాయి మీద హాజరు పడితే మస్టరు పడ్డట్టు. పెండ్లి సంబంధం మాట్లాడేటప్పుడు కూడా 'పిల్లగాడు మస్టర్లు బాగ చేస్తడా' అని అడిగిన రోజులు నాకు గుర్తున్నాయి. బాపు ముప్పై ఏండ్లకు పైగా భూమి లోపల టింబర్‌మన్ పని చేశాడు. బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా కర్రలు నిలబెట్టడం ఆయన పని. ఆ కర్రలను బాయిలో ప్రాపులు అంటారు. ఇంగ్లీషు మాటే కానీ, తెలుగులో ప్రాపు అంటే అండ, ఆశ్రయం. తెలుగు పంతులునై ఉండి కూడా ఈ రెండు ప్రాపులు ఒకచోట కలుస్తాయని నాకు యాభై రెండవ ఏట గానీ తట్టలేదు.

2022 డిసెంబరులో నాకు సాయంత్రం పూట జ్వరం రావడం మొదలైంది. పొద్దున లేచేసరికి దిగిపోయేది. చలికాలం కదా అని ఊరుకున్నాను. కుడి డొక్కలో గట్టిగా ఊపిరి పీల్చినప్పుడల్లా సూది గుచ్చినట్టు నొప్పి. యాభై ఎనిమిది కిలోల మనిషిని నలభై ఏడుకు వచ్చాను. చొక్కాలు నావి కావన్నట్టుగా ఉండేవి. చివరికి ఆసుపత్రికి వెళ్తే డాక్టరు నన్ను వెనక్కు తిప్పి కూర్చోబెట్టి, వీపు మీద ఒక వేలు ఆనించి రెండవ వేలితో తట్టుతూ పై నుండి కిందికి వచ్చాడు. పైన డోలు వలె మోగిన వీపు, కుడివైపు కిందికి వచ్చేసరికి గోడ తట్టినట్టు మూగబోయింది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందన్నాడు. ఆ నీరు తీసి పరీక్షిస్తే క్షయ అని తేలింది.

పక్కనే ఉన్న బాపు బయటికి వచ్చాక అన్న మాట ఇది: "మేము సుత గట్లనే సూసేటోళ్లం బిడ్డా. కట్టెతోని కప్పును తడితె గట్టిగ మోగాలె. బొల్లుగ మోగిందంటె ఆడ నిలవడొద్దు."

తరువాత చదివితే తెలిసింది. వీపు తట్టి జబ్బు చూసే ఈ పద్ధతిని 1761లో లియోపోల్డ్ ఔఎన్‌బ్రుగ్గర్ అనే ఆస్ట్రియా వైద్యుడు లోకానికి చెప్పాడట. ఆయన తండ్రి పూటకూళ్ల ఇల్లు నడిపేవాడు. సారాయి పీపాలో ఎంత మేరకు ద్రవం ఉందో తట్టి చూసే తండ్రిని చూసి కొడుకు నేర్చుకున్నాడని చెబుతారు. తండ్రి పనిలో ఉన్న జ్ఞానం కొడుకు జబ్బుకు అక్కరకు రావడం కొత్తేమీ కాదన్న మాట.

2023 జనవరి 2, సోమవారం నాడు మందులు మొదలుపెట్టాను. మొదటి ఎనిమిది వారాలు నాలుగు రకాల మందులు కలిసిన మాత్రలు, తరువాతి పదహారు వారాలు మూడు రకాలవి. నా బరువుకు రోజుకు మూడు మాత్రలు. మొత్తం నూట అరవై ఎనిమిది రోజులు. మూత్రం నారింజ రంగులో వస్తుంది, భయపడకండి అని ముందే చెప్పారు. నాకు వచ్చిన రకం సాధారణంగా ఇతరులకు అంటుకునేది కాదనీ, కంచాలూ గ్లాసుల వల్ల క్షయ అసలే రాదనీ కూడా చెప్పారు. అయినా ఇంటికి వచ్చి నా స్టీలు గ్లాసును నేనే విడిగా పెట్టుకున్నాను. మరునాడు బాపు ఏమీ అనకుండా అందులోనే చాయ పోయించుకుని తాగాడు. ఆ తరువాత విడి గ్లాసు సంగతి మా ఇంట్లో రాలేదు.

నా అసలు తప్పు ఇక్కడి నుండి మొదలవుతుంది.

ఆ ఏడు పదవ తరగతి పరీక్షలు ఏప్రిల్ 3న ఉన్నాయి. నా పిల్లలకు తెలుగులో ఇంకా పాఠాలు మిగిలి ఉన్నాయి. నాలుగు వారాలు మందులు మింగేసరికి జ్వరం పోయింది, అన్నం రుచి తెలిసింది. ఇక నేను బాగైపోయాననుకున్నాను. ఒక కాగితం మీద గడులు గీసి లక్ష్యాలు రాసుకున్నాను. ఆరు వారాలకు బడి. ఎనిమిది వారాలకు సాయంత్రపు ప్రత్యేక తరగతులు. మార్చి చివరికి గూడెం గుట్ట మెట్లెక్కి సత్యనారాయణస్వామి దర్శనం. ఆ కాగితాన్ని అద్దం పక్కన అతికించాను. నా భార్య చూసి, "ఇన్ని పనులు జ్వరం లేనప్పుడు కూడా చెయ్యలేదు గదా మీరు" అన్నది. నవ్వి ఊరుకున్నాను.

ఫిబ్రవరి 13న బడికి పోయాను. ఎవరూ రమ్మనలేదు. ఇంకా సెలవు ఉన్నది. మొదటి పీరియడు గడిచింది. రెండవ పీరియడుకు పైఅంతస్తు మెట్లెక్కుతుంటే ఏడవ మెట్టు దగ్గర కండ్ల ముందు చీకటి కమ్మింది. గోడ పట్టుకుని కూర్చున్నాను. పిల్లలు చుట్టూ మూగారు. ఒకడు తన నీళ్ల సీసా మూత తీసి నోటి దగ్గర పెట్టాడు. వాడి చేయి వణుకుతున్నది. ఇరవై ఐదేండ్లుగా పిల్లల ముందు నిలబడి మాట్లాడిన మనిషిని, వాళ్ల ముందు నేల మీద కూర్చుని మాట రాక ఉండిపోయాను. ఆ రాత్రి మళ్లీ జ్వరం వచ్చింది. వారం రోజులు మంచం దిగలేదు.

డాక్టరు పరీక్షించి, మందులు సరిగానే పనిచేస్తున్నాయి, ఒళ్లే ఇంకా కోలుకోలేదు అన్నాడు. ఆ మాటతో ఊరట కలగాలి. నాకు మాత్రం సిగ్గు కలిగింది. అద్దం పక్కన కాగితం రోజూ నన్ను వెక్కిరించినట్టుండేది. చించివేయడానికి మనసు రాలేదు. చించితే ఓడిపోయినట్టే కదా. నేను రాసిన ప్రతి గడీ ఖాళీగా ఉన్నది. మందులు మింగిన నలభై మూడు రోజులకు మాత్రం ఆ కాగితంలో ఒక్క గడీ లేదు. నేను నిజంగా చేసిన ఒకే ఒక్క పనిని పనిగా లెక్కవేయలేదన్న మాట.

ఒక మధ్యాహ్నం బాపు వచ్చి మంచం పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. ఆయనకు ఎడమ కాలు కొద్దిగా ఈడ్చి నడిచే అలవాటు. బాయిలో దెబ్బ తగిలి ఉంటుందని ఊళ్లో వారందరూ అనుకుంటారు. అది నిజం కాదని మా ఇంట్లో వారికే తెలుసు. 1984లో, నాకు పదమూడేండ్లప్పుడు, వానకాలం వెళ్లాక ఇంటి పెంకులు సర్దుతూ జారి పడ్డాడు. జీవితమంతా ఇతరుల తలల మీద కప్పు కూలకుండా చూసిన మనిషి తన ఇంటి కప్పు మీది నుండే పడ్డాడు. చీలమండ వాచిపోయింది. నాకు తెలిసినది అంతవరకే.

"ఆ ఏడు నాకు నూట డెబ్బై ఎనిమిది మస్టర్లున్నయి" అన్నాడు బాపు.

నాకు అర్థం కాలేదు.

"భూమిల పని చేసేటోనికి ఏడాదికి నూట తొంభై నిండాలె. నిండితెనే సాలు లెక్క. పన్నెండు తక్కువైనయి. డిసెంబర్ల కాలు బాగైందని నేనే చెప్పి డూటీ ఎక్కిన. ఎవ్వడు రమ్మనలే. మీ అవ్వ వద్దని ఏడ్సింది. పన్నెండు మస్టర్లు చేసిన. సరిగ్గ నూట తొంభై." కాసేపు ఆగి తన కాలి వైపు చూసుకున్నాడు. "లెక్క నిండింది. కాలు నిండలే."

ఇంత కాలం ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. అవ్వ పోయి పదేండ్లు దాటింది. చెబుదామన్నా వినవలసిన మనిషి లేదు. ఆనాడు నాకు బడి ఫీజు కట్టవలసి ఉన్నదని నాకు గుర్తుకు వచ్చింది. అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఆ నూట తొంభై సంగతి తరువాత నేను చూశాను. బాపు పనిచేసిన రోజుల గనుల చట్టం 1952 నాటిది. వేతనంతో కూడిన సెలవుకు ఏడాది పని నిండినట్టు లెక్కవేయడానికి భూమిపైన పనిచేసేవారికి రెండువందల నలభై హాజర్లు ఉండాలని, భూమిలోపల పనిచేసేవారికి నూట తొంభై చాలునని అందులో రాసి ఉన్నది. సెలవు కూడా పైవారికి ఇరవై రోజులకు ఒకటైతే, లోపలివారికి పదిహేను రోజులకే ఒకటి. చీకటిలో, ఉక్కలో, వంగి పనిచేసే ఒంటిని వెలుతురులో పనిచేసే ఒంటితో సమానంగా కొలవరాదని చట్టం రాసినవారికి తోచిందన్న మాట. ఎంత దయగల అంకె! కానీ ఆ దయగల అంకెనే పట్టుకుని బాపు తన కాలు పోగొట్టుకున్నాడు. అంకెలో తప్పు లేదు. కాలు విరిగిన ఏడాదికి ఆ అంకె కూడా పెద్దదే.

"నువ్విప్పుడు భూమిల ఉన్నవు బిడ్డా" అన్నాడు బాపు. "పైన ఉన్నోళ్ల లెక్క నీకెందుకు?"

ఆ సాయంత్రమే కిరాణా కొట్టు నుండి పొడవాటి నోటుపుస్తకం తెచ్చాడు. నా కాగితాన్ని అద్దం పక్క నుండి ఆయనే తీసి, మడిచి, ఆ పుస్తకం అట్ట కింద పెట్టాడు. చించలేదు. తరువాత నియమాలు చెప్పాడు. మాత్రలు మింగితే మస్టరు. అంతే. ఆ రోజు హాజరు పడినట్టే, రోజంతా మంచంలో ఉన్నా సరే. తక్కిన నడక, చదువు, మాట, ఏది చేసినా అది ఓటీ. ఓటీ చేస్తే రాసుకుందాం, చేయకుంటే అడిగేవారు లేరు. ఓటీ చేయనందుకు ఎవరి మస్టరూ కొట్టివేయరు కదా!

ప్రతి ఆదివారం సాయంత్రం వారానికి ఒక చిన్న ఓటీ అనుకునేవాళ్లం. నేను ఎప్పటిలాగే ఆ వారంలో బాగున్న రోజును చూసి కొలత చెప్పేవాణ్ణి. బాపు తల అడ్డంగా ఊపేవాడు. "కప్పు మంచిగున్న జాగ సూసి ప్రాపు పెట్టరు. చెడ్డ జాగ సూసి పెడతరు. పోయిన వారంల నీకు బాగలేని రోజు ఏది? ఆ రోజు ఎంత నడిచినవు? అంతే రాయి." నేను తెలుసుకున్న వాటిలో ఇది ముఖ్యమైనదని ఈనాటికీ అనుకుంటాను. మంచి రోజు మనకు ఆశను చూపుతుంది. కొలత మాత్రం చెడ్డ రోజు చేతిలో ఉండాలి. అప్పుడు ఏ రోజూ ఓటమి కాదు.

నడక మొదట అరుగు నుండి గేటు వరకు. మార్చి మొదటి వారానికి మా సందులోని మూడవ కరెంటు స్తంభం వరకు. నెలాఖరుకు కిరాణా కొట్టు. దాని తరువాతి గుర్తు ఒక ప్రహరీ గోడ. 2022 జూలైలో గోదావరి పొంగి పల్లపు వీధులన్నీ మునిగినప్పుడు ఆ గోడ మీద మిగిలిన మట్టిచార ఇంకా కనిపిస్తూ ఉండేది. ఏప్రిల్‌లో పది రోజుల పాటు వికారం, నోరు చేదు. గేటు కూడా దాటలేదు. ఆ పది రోజులూ పుస్తకంలో బాపు రాసిన మస్టర్లున్నాయి. ఓటీ గడులు తెల్లగా ఉన్నాయి. అంతకు మందు ఖాళీ గడి చూస్తే గుండె కలుక్కుమనేది. ఈసారి అనలేదు.

గొంతుకు కూడా ఓటీ పెట్టాడు బాపు. రోజూ ఐదు నిమిషాలు పేపరు పైకి చదివి ఆయనకు వినిపించాలి. ఆయనకు చత్వారం ఉన్న మాట నిజమే. కానీ చదవలేనంత కాదు.

పదవ తరగతి పిల్లలు పరీక్షల ముందటి ఆదివారం ఇంటికి వచ్చారు. పదకొండు మంది. ఆనాడు నీళ్ల సీసా పట్టుకున్నవాడు కూడా ఉన్నాడు. పాత నేనైతే మూడు గంటలు కూర్చోబెట్టి ఉండేవాణ్ణి. పావుగంట మాత్రమే మాట్లాడాను. వ్యాసం రాసేటప్పుడు మొదటి వాక్యం కోసం కూర్చుని కాలం పోగొట్టుకోవద్దని, తెలిసిన చోటు నుండి మొదలుపెట్టమని చెప్పాను. ఒక అమ్మాయి "సార్, మళ్లెప్పుడొస్తరు?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. వాకిట్లో కూర్చున్న బాపే అన్నాడు: "మస్టర్లు నిండినంక వస్తడు బిడ్డా." బొగ్గుబాయి ఇండ్ల పిల్లలు. ఇంకేమీ అడగలేదు. తలలూపి వెళ్లారు.

మంచం మీద ఉన్న ఆ నెలల్లో క్షయ గురించి దొరికినదంతా చదివాను. మందులు లేని కాలంలో రోగులను కొండలమీద, మంచి గాలి ఉన్న చోట్ల నెలల తరబడి ఉంచేవారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం 1915లో అలా వెలసినదే. మన వికారాబాదు అనంతగిరి ఆసుపత్రి కూడా ఆ కోవలోనిదే. ఇంగ్లండులో ఫ్రిమ్లీ అనే చోట మార్కస్ ప్యాటర్సన్ అనే వైద్యుడు 1905 నుండి ఒక పద్ధతి నడిపాడు. కొంత కోలుకున్న రోగికి మొదట అరమైలు నడక. అది మెల్లమెల్లగా పది మైళ్ల వరకు. తరువాత మట్టి గంపలు మోయడం, ఆపైన చిన్న పార, ఆ తరువాత పెద్ద పార. జ్వరం కొద్దిగా కనిపించినా పని ఆపి మంచానికి పంపేవాడు. పని వల్లనే జబ్బు నయమవుతుందన్న ఆయన సిద్ధాంతం నిలబడలేదు. కానీ మనిషికి అతడి బలానికి తగిన పార ఇవ్వాలన్న ఆలోచనలో ఎంతో మన్నన ఉన్నదనిపించింది. 1956లో మద్రాసులో మొదలై 1959లో ఫలితాలు వెలువడిన పరిశోధన, మందులు సరిగా వేసుకుంటే ఇంట్లో ఉన్న రోగులు కూడా శానిటోరియంలో ఉన్నవారితో సమానంగా కోలుకుంటారని చూపింది. ఆ తరువాతే కొండలు దిగి వైద్యం మన ఇండ్లకు వచ్చింది. నాబోటివాడు గోదావరి ఒడ్డున తన ఇంట్లో, తన మంచం మీద కోలుకోగలిగింది ఆ మద్రాసు పేదల పుణ్యమే.

పౌష్టికాహారానికని ప్రభుత్వం నెలకు ఐదువందలు నా ఖాతాలో వేసేది. 2018లో మొదలైన ఆ సాయం 2024 నవంబరు నుండి వెయ్యి అయింది. నా భార్య ఆ డబ్బును వేరుగా ఉంచి గుడ్లకే ఖర్చు పెట్టేది. "ఇది మీ మస్టర్ల జీతం" అనేది. జూన్ నాటికి యాభై మూడు కిలోలకు వచ్చాను. పాత యాభై ఎనిమిది ఇంకా దూరమే. బాపు దానిని పుస్తకంలో రాయలేదు. "అది నీ చేతిల పని కాదు, ఒంటి పని" అన్నాడు.

మే నెల ఎండలు మంచిర్యాలలో ఎట్లా ఉంటాయో చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున ఐదు గంటలకే లేచి ఇద్దరం నడిచేవాళ్లం. బల్లార్షా వైపు పోయే బండి కూత దూరం నుండి వినిపించేది. ఎవరిని ఎవరు నడిపిస్తున్నారో చూసేవారికి తెలిసేది కాదు. ఈడ్చే కాలుతో డెబ్బై ఎనిమిదేండ్ల ఆయన, ప్రతి స్తంభం దగ్గర ఆగే నేను.

జూన్ 12న బడులు తెరిచారు. నేను పోలేదు. ఇంకా ఆరు మస్టర్లున్నాయి. ఫిబ్రవరిలో అయితే ఆ ఆరు రోజులు నాకు ఏమీ కావు. జూన్ 18, ఆదివారం. ఆఖరి మూడు మాత్రలు మింగాను. బాపు పుస్తకంలో నూట అరవై ఎనిమిదవ మస్టరు వేసి కింద అడ్డగీత గీశాడు. ఆ రోజు ఓటీ గోదావరి వరకు. ఇద్దరం బయలుదేరాం. వరదచార ఉన్న గోడ దగ్గరికి రాగానే బాపు ఆగి దాని మొదట్లో ఉన్న రాతి మీద కూర్చున్నాడు. "నా ఓటీ ఈడిదాకనే. నువ్వు పొయ్యి రా."

రెండు అడుగులు వేసి వెనుదిరిగి చూశాను. ఆయన తన ఎడమ చీలమండ ఒత్తుకుంటున్నాడు. నాకు పన్నెండు మస్టర్లు గుర్తుకు వచ్చాయి. ఆయనకు ఆనాడు ఎవరైనా ఒక పుస్తకం పెట్టి, 'ఈ ఏడు నీకు నూట డెబ్బై ఎనిమిదే చాలు' అని ఉంటే బాగుండేది కదా అనిపించింది. ఒడ్డు వరకు పోయాను. నీళ్లు తక్కువగా ఉన్నాయి. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కొంతసేపు నిలబడి, ఊపిరి కుదిరాక వెనుకకు వచ్చాను. పోయి రావడానికి గంటకు పైగా పట్టింది. బాపు అక్కడే ఉన్నాడు.

మరునాడు బడికి వెళ్లాను. మొదటి నెల కిందిఅంతస్తు తరగతులే అడిగి తీసుకున్నాను. అడగడానికి కొంత బిడియపడ్డాను. అడిగితే అందరూ ఒప్పుకున్నారు. గూడెం గుట్ట ఆ మరుసటి ఏడు ఎక్కాను. మధ్యలో రెండుసార్లు కూర్చున్నాను. ఇప్పటికీ కూర్చుంటాను.

జబ్బు నుండి లేస్తున్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే నేను చెప్పగలిగింది కొద్దే. తప్పక చేయవలసిన ఒక్క పనిని మస్టరుగా పెట్టుకోండి. తక్కినదంతా ఓటీ అనుకోండి. కొలత చెడ్డ రోజుతో కొలవండి. పైన వెలుతురులో ఉన్నవారి రెండువందల నలభై మీది కాదు.

ఆ నోటుపుస్తకంలో నా పుటలు అయిపోయాయి. ఇప్పుడు అందులో బాపు బీపీ మాత్రల లెక్క నడుస్తున్నది. ఆయనకు మతిమరుపు మొదలైంది. కొన్ని పొద్దులు మాత్ర వేసుకోనని మొండికేస్తాడు. "మస్టర్ పడదు బాపూ" అంటాను. ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, చేయి చాపుతాడు.